రెండు కత్తుల దూరం

మా ఊటపాలెం పురపాలక సంఘంలో అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య తగినంత పగ లేదని ప్రభుత్వంవారు కనిపెట్టిన రోజున నేను జూనియర్ కాలేజీలో మూడో పానిపట్టు యుద్ధం చెబుతున్నాను. ప్రిన్సిపాల్ గారు స్వయంగా క్లాసులోకి వచ్చి నా చేతిలో ఒక కవరు పెట్టి, జాలిగా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆయన భుజం తట్టారంటే డెప్యుటేషనే.

కవరులో ఉన్నది స్థానిక సంస్థల ఔన్నత్య శాఖ వారి ఉత్తర్వు.

"విషయం: పురపాలక సంఘములు – అగ్రనాయకుల మధ్య వ్యక్తిగత వైరము – కొరత – నివారణ చర్యలు – గురించి. బ్రిటిష్ పార్లమెంటు జగత్ప్రసిద్ధి గాంచుటకు అందలి నాయకుల వ్యక్తిగత వైరములే మూలకారణమని ఇటీవలి అధ్యయన యాత్రలో తేలినందున, ప్రతి పురపాలక సంఘము తొంబది దినములలోగా ఒక వైరమును నెలకొల్పి, పోషించి, ధ్రువీకరణ పొందవలెను. గడువులోగా వైరము చూపలేని సంఘములు రద్దగును."

కింద నా పేరు. ఆకొండి నరహరి, చరిత్ర అధ్యాపకుడు, ఊటపాలెం పురపాలక సంఘానికి 'వైర సమన్వయాధికారి'గా నియమితుడు. కారణం, ఇరవై రెండేళ్ల కిందట నేను పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ ప్రధానుల మీద ఎం.ఫిల్. చేయడం. ఆ సిద్ధాంత వ్యాసాన్ని మా గైడు గారు కూడా చదవలేదు. ప్రభుత్వం చదివిందంటే కళ్లు చెమర్చాయి. తర్వాత తెలిసింది, వాళ్లూ శీర్షిక వరకే చదివారట.

మర్నాడు శాఖ సంచాలకులు పరాంకుశరావు గారు మా ఊరొచ్చారు. పదకొండు రోజులు లండన్‌లో ఉండి వచ్చిన మనిషి. మా ఊళ్లో నలభై డిగ్రీల ఎండలోనూ కోటు విప్పలేదు.

"నరహరి గారూ, గ్లాడ్‌స్టన్, డిజ్రేలీల గురించి మీకు చెప్పక్కర్లేదు కదా?" అన్నారు.

చెప్పక్కర్లేదు. విక్టోరియా రాణి కాలంలో ఇద్దరూ ప్రధానమంత్రులు. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవారు. ఏళ్ల తరబడి ఒకరి గాలి ఒకరికి గిట్టలేదు. గ్లాడ్‌స్టన్ గారికి గొడ్డలి పట్టి చెట్లు కొట్టడం సరదా, డిజ్రేలీ గారికి నవలలు రాయడం సరదా.

"అంతటి సామ్రాజ్యం ఎలా నడిచిందనుకున్నారు? ఒక గొడ్డలి, ఒక కలం, మధ్యలో పగ!"

"సార్, వాళ్లకి పగ ఉన్నమాట నిజమే. కానీ వాళ్ల పనులు పగ వల్ల జరిగాయా, పగ ఉన్నా జరిగాయా అన్నది..."

"మాస్టారూ," అని ఆయన నా మాటకి అడ్డొచ్చారు. "మీరు చరిత్ర చూస్తున్నారు. నేను విధానం చూస్తున్నాను."

ఇక మా ఊరి సంగతి. ఛైర్‌పర్సన్ తోట మాణిక్యాంబ గారు. అరవై దాటాయి. బజారులో లేడీస్ టైలరింగ్ షాపు. ప్రతిపక్ష నాయకుడు కొమ్మూరి యోహాను, మోటార్లకి వైండింగ్ చేసే మెకానిక్కు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, మధ్యన ఒకే గోడ. ఎన్నికలప్పుడు ఆవిడ వేదికెక్కి "యోహాను పార్టీకి ఓటేస్తే బురదలో వేసినట్టే" అనేది. దిగి ఇంటికెళ్లి గోడ మీంచి గోంగూర పచ్చడి అందించేది. కౌన్సిల్లో ఇద్దరూ పావుగంట వాదించుకునేవారు. ఆ తర్వాత టీ వచ్చేది. టీతోపాటు తీర్మానం అయిపోయేది. ఇలా ఏడేళ్లుగా ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి, కుళాయిలు కారుతున్నాయి. శాఖవారి దృష్టిలో ఇదే అసలు రోగం.

నేను ఉత్తర్వు చదివి వినిపిస్తే మాణిక్యాంబ గారు కళ్లజోడు తీశారు.

"అంటే ఏంటి మాస్టారూ, నేను యోహానుని ద్వేషించాలా?"

"తొంభై రోజుల్లోగానమ్మా."

"లేకపోతే?"

"కౌన్సిల్ రద్దు."

యోహాను గట్టిగా నవ్వాడు. "అదెంత పని అక్కా! తిట్టుకుందాం. తొమ్మిదో వార్డు పైపు పని మధ్యలో ఉంది, ఇప్పుడు రద్దయితే వాళ్ల గతేం కాను?"

తొమ్మిదో వార్డుకి నీళ్లెళ్లే పెద్ద పైపు వాల్వు పాడైపోయి అప్పటికి వారం. కొత్త వాల్వు స్టోరులో సిద్ధంగా ఉంది. బిగించడానికి కౌన్సిల్ తీర్మానం ఒకటే తక్కువ. అందుకని ఇద్దరూ చేతులు కలిపి, శత్రువులుగా ఉండటానికి స్నేహపూర్వకంగా ఒప్పుకున్నారు.

మొదటి వారం సర్క్యులర్ నెంబరు రెండు. సభలో 'అక్కా', 'తమ్ముడూ' అని పిలుచుకోరాదు, 'గౌరవనీయ శత్రువు గారు' అనవలెను. ఆ సమావేశంలో మాణిక్యాంబ గారు మైకు దగ్గరికి జరిగి, "గౌరవనీయ శత్రువు గారూ, పొద్దున్న టిఫిను చేశావా?" అని అడిగారు. మినిట్స్‌లో అలాగే రాశాం.

రెండో వారం సర్క్యులర్ నెంబరు మూడు. బ్రిటిష్ కామన్స్ సభలో రెండు పక్షాల మధ్యా ఎర్రగీతలుంటాయి, వాటి మధ్య రెండు కత్తుల దూరమని అక్కడ చెప్పుకుంటారు. మాకూ గీతలు గీయమన్నారు. కత్తి పొడవెంతో సర్క్యులర్‌లో లేదు. తాలూకా ఆఫీసులో అడిగితే కత్తులు తమ పరిధిలోకి రావని రాతపూర్వకంగా ఇచ్చారు. చివరికి ఊళ్లోని నాటక సమాజం వాళ్ల దగ్గర కర్ణుడి రేకు కత్తి దొరికింది. నాలుగడుగుల మూడంగుళాలు. రెండు కత్తులు కలిపి ఎనిమిదిన్నర అడుగులు. మా హాలు వెడల్పు పద్నాలుగు. ఒక పక్క అధికార పక్షం కుర్చీలు, మధ్యలో బల్ల, ఆ తర్వాత ఎనిమిదిన్నర అడుగులు కొలిచేసరికి ప్రతిపక్షం వరండాలో పడింది.

ఆ రోజు నుంచి యోహానూ ఆయన పక్షంవారూ కిటికీలోంచి చర్చల్లో పాల్గొన్నారు. వానొచ్చినప్పుడు గొడుగులతో నిరసన తెలిపారు. అదీ నిరసనంటే అని శాఖవారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

మూడో వారం నెలకి పన్నెండు చొప్పున తిట్ల లక్ష్యం పెట్టారు. యోహాను తిట్టడానికి పడ్డ పాట్లు చూస్తే గుండె తరుక్కుపోయేది. కిటికీ చువ్వలు పట్టుకుని బాగా ఆలోచించి, "ఛైర్‌పర్సన్ గారు... ఛైర్‌పర్సన్ గారింట్లో పప్పులో ఉప్పు తక్కువ!" అన్నాడు. పైనుంచి జవాబొచ్చింది: "పప్పు స్థాయి విమర్శ బ్రిటిష్ ప్రమాణాలకు తూగదు."

ఇంతవరకూ అందరం నవ్వుకున్నాం. సర్క్యులర్ నెంబరు ఆరు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

అందులో ఇలా ఉంది: "వైరము నిండుదనమునకు నాయకుల వ్యాసంగములును భిన్నముగా నుండవలెను. అధికార పక్ష నాయకులు నవల వ్రాయవలెను. ప్రతిపక్ష నాయకులు చెట్లు నరకవలెను. ఉభయులును తమ వ్యాసంగమును ప్రత్యర్థిపై ప్రయోగించవలెను."

మాణిక్యాంబ గారు నాదగ్గరికొచ్చి, "నవలంటే ఏం రాయాలి మాస్టారూ? నాకు జాకెట్టు కొలతలు తప్ప రాత రాదు" అన్నారు.

"ఒక విలన్ని పెట్టండమ్మా. అతనికో లోపం పెట్టండి. మిగతాది అదే నడుస్తుంది," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆవిడ వారంలో మొదటి అధ్యాయం రాసి సభలో చదివారు. యోబు అనే మెకానిక్కు. మొదట్లో అంతా సరదాగానే ఉంది. కిటికీ బయట యోహాను కూడా నవ్వుతున్నాడు. అంతలో ఆవిడ కళ్లజోడు సర్దుకుని తరవాతి వాక్యం చదివారు: "తీగ చుట్టేటప్పుడు యోబు వేళ్లు వణికేవి. ఆ వణుకు కనపడకుండా వాడు చేతులు జేబులో పెట్టుకునేవాడు."

సభ గొల్లున నవ్వింది. నేను కిటికీ వైపు చూశాను. యోహాను చువ్వల మీంచి చేతులు తీసి జేబుల్లో పెట్టుకున్నాడు. తర్వాత వరండా దిగి వెళ్లిపోయాడు.

ఆ వణుకు నిజమే. ఆరు నెలల కిందట మొదలైందట. సన్న తీగ చుట్టే పని చేసేవాడికి అంతకంటే భయం లేదు. భార్యకి కూడా చెప్పకుండా గోడ దగ్గర నిలబడి ఒక్క మాణిక్యాంబ గారికే చెప్పుకున్నాడు. మర్నాటికి ఊరంతా తెలిసింది. రైసుమిల్లు వాళ్లు మోటారు పట్టుకుని పక్కూరు వెళ్లారు.

మూడో రోజు పొద్దున్నే యోహాను గొడ్డలి తీసుకుని పెరట్లోకి వచ్చాడు. రెండిళ్ల మధ్య గోడకి ఆవిడ వైపు ఒక మునగచెట్టు ఉంది. మాణిక్యాంబ గారి భర్త పోయే ముందు ఏడాది నాటింది. దాని కొమ్మలు సగం యోహాను పెరట్లోనే కాసేవి. కాయలు అటు కొన్ని, ఇటు కొన్ని కోసుకునేవారు. అతను గోడెక్కి దాన్ని మొదలంటా నరికాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికెళ్లి తలుపేసుకుంది.

శాఖవారికి నేను పంపవలసిన వారపు నివేదికలో 'వ్యాసంగముల ప్రయోగం' అన్న గడి ఉంది. అందులో 'జరిగినది' అని రాశాను. ఇంక చెయ్యి సాగలేదు.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. తిట్లు కూడా లేవు. సమావేశాలు శ్మశానంలా జరిగేవి. అసలు చిక్కు అక్కడొచ్చింది. సర్క్యులర్ నెంబరు నాలుగు ప్రకారం ఏ తీర్మానమైనా చెల్లాలంటే ప్రతిపక్ష నాయకుడు 'తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను' అని సంతకం పెట్టాలి. వ్యతిరేకించకపోతే కుమ్మక్కయినట్టు లెక్క. సర్క్యులర్ల హడావిడిలో వెనకబడిపోయిన వాల్వు తీర్మానం పట్టుకుని నేను యోహాను షాపుకి వెళ్లాను.

"బాబూ, వ్యతిరేకించు. తొమ్మిదో వార్డు ఎండిపోతోంది."

"ఆవిడని వచ్చి అడగమనండి."

ఆవిడ దగ్గరికెళ్లాను. "చెట్టు నరికినవాణ్ణి నేను అడగను," అన్నారు.

తొమ్మిదో వార్డు ఆడవాళ్లు రైల్వే గేటు దాటి బోరింగు దాకా బిందెలు మోస్తున్నారు. ఒకరోజు పైడమ్మ అనే ఆవిడ నా ముందు ఖాళీ బిందె ఠంగున దించింది.

"పంతులూ, ఆళ్లిద్దరూ తిట్టుకుంటన్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు నీళ్లొచ్చేయి. ఇప్పుడు నోరు మూసుకున్నారు, కుళాయీ మూసుకుంది. నువ్వేం సమన్వయం చేస్తన్నావు?"

ఆ సాయంత్రం ఆవిడ బిందె నేనే గేటు దాకా మోశాను. సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి.

ఎనభై నాలుగో రోజున తనిఖీకి పరాంకుశరావు గారు వచ్చారు. వైరాన్ని కొలిచే పట్టిక ఒకటి తెచ్చుకున్నారు. సభలో గంటన్నర కూర్చున్నారు. మాణిక్యాంబ గారు కాగితాల వైపు చూస్తూ కూర్చున్నారు. యోహాను కిటికీకి వీపు పెట్టి నిలుచున్నాడు. ఈగ ఎగిరితే వినపడుతోంది.

ఆయన పట్టిక మూశారు. "కేకలు సున్నా. బల్ల చరచుట సున్నా. వాకౌటు సున్నా. సభ అత్యంత ప్రశాంతం. నరహరి గారూ, ఇక్కడ వైరమన్నదే లేదు!"

"సార్, ఇప్పుడే నిజమైన వైరం ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి నెలయింది."

"మొహం చూడకపోవడం పట్టికలో లేదు," అన్నారాయన. "రద్దుకి సిఫారసు చేస్తాను. అయితే ఒక్క అవకాశం ఉంది. పద్దెనిమిది వందల తొమ్మిదిలో కాసిల్‌రే, కానింగ్ అనే ఇద్దరు బ్రిటిష్ మంత్రులు పిస్తోళ్లతో ద్వంద్వ యుద్ధం చేశారు. ఒకరి తొడకి గుండు తగిలింది. తర్వాత ఇద్దరూ ఇంకా పెద్ద పదవుల్లోకి వెళ్లారు. గురువారం పదింటికి మీ నాయకులు ద్వంద్వ యుద్ధం చేస్తే, ప్రత్యేక వర్గం కింద ధ్రువీకరిస్తాను."

"పిస్తోళ్లు లేవు సార్."

"స్థానిక వనరులు వాడండి."

మా స్థానిక వనరు శానిటరీ మేస్త్రీ దస్తగిరి. ఆయన తల గోక్కుని, "దోమల పొగ మిషన్లు రెండున్నాయండి. భుజానికి తగిలించుకోవచ్చు, గొట్టం ముందుకుంటది, చప్పుడూ వస్తది," అన్నాడు. శాఖవారికి రాస్తే 'ఆయుధ సమానము' అని ఆమోదం పంపారు.

గురువారం పదింటికి హైస్కూలు మైదానంలో ఊరు ఊరంతా దిగింది. పరాంకుశరావు గారు షామియానా కింద కోటుతో ఆసీనులయ్యారు. ద్వంద్వ యుద్ధంలో ఒక్కొక్కరికీ ఒక్కో సహాయకుడుండాలి. సిబ్బంది కొరత వల్ల ఇద్దరికీ నేనే. చంకలో వాల్వు ఫైలు కూడా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు. ఆ నెలంతా దాన్ని మోసీ మోసీ అలవాటైపోయి ఉంటుంది.

ఇద్దరూ వీపు వీపు ఆనించి నిలబడ్డారు. చెరి ఆరడుగులు నడిచి, తిరిగారు. నెలరోజుల తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరాంకుశరావు గారు జేబురుమాలు ఊపారు.

దస్తగిరి మిషన్లు బాగు చేసి మందు కొంచెం ఎక్కువే పోశాడనుకుంటాను. రెండు మిషన్లూ ఒక్కసారి గర్జించాయి. తెల్లటి పొగ మైదానమంతా కమ్మేసింది. షామియానా మాయమైంది. జనం మాయమయ్యారు. నా చెయ్యి నాకే కనపడలేదు. దగ్గులు, విజిళ్ల మోతలు, ఎవరో గోల్‌పోస్టుకి కొట్టుకున్న చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత తెలిసింది, కొట్టుకున్నది సంచాలకుల వారే.

ఆ పొగలో ఎక్కడో దగ్గరగా మాణిక్యాంబ గారి దగ్గు వినిపించింది. ఆగకుండా దగ్గుతున్నారు.

"అక్కా! మిషన్ ఆపు! నీకు ఆయాసం!" యోహాను గొంతు.

"ఎలా ఆపాలో తెలీదురా!"

"అక్కడే ఉండు, కదలకు. దగ్గుతూ ఉండు, నేనొస్తున్నా."

దగ్గుని బట్టి అతనూ, అతని గొంతుని బట్టి నేనూ తడుముకుంటూ వెళ్లాం. అతను మిషన్ తడిమి పట్టుకున్నాడు. మీట నొక్కబోతే వేళ్లు రెండుసార్లు జారాయి. ఆవిడ అతని చేతి మీద తన చెయ్యి గట్టిగా పెట్టి పట్టుకుంది. మూడోసారికి మిషన్ ఆగింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"తప్పు నాదేరా యోహానూ. విలన్‌కి ఒక లోపం పెట్టమన్నారు. నాకు తెలిసింది అదొక్కటే. రాసేటప్పుడు మాట కుదిరిందని సంబరపడ్డానే గానీ, నువ్వు చెప్పుకున్నదని గుర్తు రాలేదు. చదువుతున్నప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే నోట్లోంచి పోయింది."

"నేను మూడో దెబ్బకే ఏడ్చానక్కా. అప్పటికే చెట్టు సగం తెగింది. సగం తెగినదాన్ని ఏం చేయను?"

"మునగే కదా. మోడు నించి చిగురొస్తుంది. చేతికి మాత్రం డాక్టరుకి చూపిద్దాం. నేనూ వస్తాను."

నేను పొగలోంచి చెయ్యి చాచాను. "అమ్మా, క్షమించాలి. ఆ సలహా నాది. బాబూ, ఇంకో రెండు నిమిషాల్లో పొగ విడుతుంది. తీర్మానం నా దగ్గరే ఉంది."

నా వీపు మీద కాగితం పెట్టి మాణిక్యాంబ గారు సంతకం చేశారు. యోహాను 'తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను' అని రాసి కింద సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం నా వెన్నుకి తెలుస్తూనే ఉంది. వణుకుతూనే రాశాడు, పూర్తిగా రాశాడు.

"వాల్వు బిగించడానికి మనిషి కావాలిగా," అన్నాడు.

"నువ్వు బిగించు, నేను టార్చి పట్టుకుంటా. పద, గేటు ఇటే," అందావిడ.

పొగ విడేసరికి మైదానం మధ్యలో రెండు మిషన్లు, నేను. జనం కళ్లు నులుముకుంటూ చూస్తున్నారు. పరాంకుశరావు గారు నుదుటి మీద బొప్పితో వచ్చి నా చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"యోధులేరీ?"

"కనపడటం లేదు సార్," అన్నాను. అది నిజమే.

ఆయన అక్కడికక్కడే నివేదిక రాశారు: "ఇరుపక్షములును ఆనవాలు లేకుండ నశించునంతటి తీవ్రత బ్రిటిష్ చరిత్రలో సైతము కానరాదు. ఊటపాలెమునకు ప్రథమశ్రేణి వైర ధ్రువీకరణ ఇవ్వదగును."

మధ్యాహ్నం రెండింటికి తొమ్మిదో వార్డులో కుళాయి మొదట బుసకొట్టి, తర్వాత ఎర్రనీళ్లు కక్కి, ఆ తర్వాత తేటగా పారింది. మరో విశేషం, మా ఊళ్లో దోమల మందు కొట్టింది మూడేళ్లలో అదే మొదటిసారి. వారం రోజులు జనం తలుపులు తీసుకుని పడుకున్నారు. ఇలాంటి ద్వంద్వ యుద్ధం ప్రతి నెలా జరిపించాలని పన్నెండు వార్డుల నుంచి అర్జీలొచ్చాయి.

నాయకులు బతికే ఉన్నారని తెలిశాక శాఖవారు వాళ్లని ఇంకా గౌరవించారు. ప్రథమశ్రేణి శత్రువులు గనక, వెనకబడిన పురపాలక సంఘాలకు వైరంలో శిక్షణ ఇవ్వడానికి ఇద్దర్నీ నియమించారు. ఇద్దరూ ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో, ఒకే కారియరుతో జిల్లా అంతా తిరిగారు. దారిలో పెద్దాసుపత్రిలో యోహాను చేతికి వైద్యం కూడా మొదలుపెట్టారు. వాళ్లు ఏ ఊళ్లో ఏం నేర్పారో నాకు తెలియదు. నాలుగు నెలలయ్యేసరికి మాత్రం నాకో మెమో వచ్చింది.

"మీ పరిధిలోని నాయకులు శిక్షణనిచ్చిన పదిహేడు పురపాలక సంఘములలో వైరము అడుగంటినది. సభ్యులు కలసి టీ త్రాగుచున్నారు. పెండింగు తీర్మానములు ఆందోళనకరమైన వేగముతో పూర్తియగుచున్నవి. జిల్లాలో ఏ ఒక్కరికిని ఎవరియందును ద్వేషము ఎందుకు లేదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

నేను రెండు రోజులు ఆలోచించి మూడో రోజు రాశాను:

"అయ్యా, జిల్లాలో ద్వేషము బొత్తిగా లేదనుట సరికాదు. తమ శాఖయందు పుష్కలముగా నున్నది. దానిని అధికార, ప్రతిపక్షములు రెండును కలసి, పదిహేడు సంఘములలోను ఏకగ్రీవముగా పోషించుచున్నవి."

వారం తిరక్కుండా జవాబొచ్చింది. నా సంజాయిషీ సంతృప్తికరంగా ఉందనీ, లక్ష్యం నెరవేరినందున నన్ను తిరిగి కాలేజీకి పంపుతున్నామనీ రాశారు. కింద పరాంకుశరావు గారు తన చేతిరాతతో ఒక ముక్క చేర్చారు: "అభినందనలు. ఇదే స్థాయిని నిలబెట్టుకోవలెను."